పచ్చికపై మర్యాద

గోల్ఫు అను క్రీడయందలి మర్యాదలను గూర్చి నెల్లూరు సముద్రతీరమున బడిపిల్లలకు పాఠములు చెప్పుకొనువారు వ్రాయబూనుట చదువరులలో కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. వరిని గూర్చియో, రొయ్యను గూర్చియో, తుపానును గూర్చియో వ్రాసిన నొప్పునుగాని, ధనవంతుల వినోదముతో మీకేమి పని యని వారడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మేమా యాటను ఆడినది ఒక్కదినము మాత్రమే. మరల ఆడుదుమను ఆశయు లేదు. అయినను ఆ యొక్కదినమున మేము నేర్చినది, ఇరువదేండ్లుగా మేము బడిలో నేర్పుచున్నదానిని మాచేతనే మరల పరీక్షింపజేసినది. అందుచేత వ్రాయుచున్నాము.

ఆట విదేశీయమే గాని, అది పుట్టిన నేలవంటి నేల మాకు క్రొత్తది కాదు. స్కాట్లండు తీరమున సముద్రమునకును సాగుభూములకును నడుమ ఇసుకదిబ్బలతో గూడిన బీళ్ళు కలవు. వానిని లింక్సు అందురు. అచట నాగలి సాగదు. గొఱ్ఱెలు మేయును. అవి కొఱికి పొట్టిచేసిన పచ్చికమీద జనులు కఱ్ఱతో బంతిని కొట్టుకొనుచు పోయి గుంటలో వేయుచు నాడుకొనిరి. జనులు విలువిద్య విడిచి యీ యాటలో మునుగుచున్నారని 1457లో స్కాట్లండు పార్లమెంటు దీనిని నిషేధించెను. నిషేధము పోయినది, ఆట నిలిచినది. మా తీరమునను బకింగుహాము కాలువకును సముద్రమునకును నడుమ ఇట్టి యిసుకదిబ్బలే కలవు. మైపాడు మొదలు కోడూరువఱకు సరుగుడుతోపుల నీడలలో నెల్లూరు జాతి గొఱ్ఱెలు మేయుచుండుట ఎవ్వరైనను చూడవచ్చును. స్కాట్లండువాడెవడైన ఇచట నిలిచిన, ఎండ నొక్కదానిని మినహాయించి, తన యూరే జ్ఞప్తికి తెచ్చుకొనును.

ఈ క్రీడ మన దేశమునకు వచ్చి చాలకాలమైనది. కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫు క్లబ్బు 1829లో స్థాపింపబడినది. తెలుగునేలపైనను ఇది లేకపోలేదు. విశాఖపట్టణమున ముడసర్లోవకడ ఈస్ట్ పాయింట్ క్లబ్బువారి పచ్చిక కలదు. హైదరాబాదులో గోలకొండకోట నయాఖిల్లాలో, ఏనుగుల చెట్టని ప్రసిద్ధికెక్కిన బ్రహ్మాండమైన బావోబాబు వృక్షమున్న ఆవరణముననే, నేడు బంతులు దొర్లుచున్నవి. అయినను మా పల్లెలో దీనిని కంట జూచినవారు లేరు. మేము చెన్నపట్టణమునుండి తిరిగివచ్చి, ఆ యాటలో పదునెనిమిది గుంటలుండునని చెప్పగా, రొయ్యల సాగు చేయు మా పొరుగాయన, “పద్దెనిమిది గుంటలా సామీ! కౌంటెంత తగులుతుంది?” అని యడిగెను. గుంట యనగా నాలుగుంబావు అంగుళముల వెడల్పుగల చిన్న రంధ్రమని మేము చెప్పినప్పుడు ఆయన మాయెడ జాలిపడెను.

మమ్ము ఆ యాటకు పిలిచినవాడు మా పూర్వశిష్యుడు. చెన్నపట్టణమున ఒక వ్యాపారసంస్థలో పెద్ద యుద్యోగము చేయుచున్నాడు. 2024 సంక్రాంతి సెలవులలో మేమొక బంధువుల శుభకార్యమునకు ఆ పట్టణము వెళ్ళియుండగా, “ఒక్క ఆదివారం రాండి సార్. ఆట నచ్చకపోయినా నడకన్నా మిగులుతుంది” అని బలవంతపెట్టెను. తెలతెలవాఱుచుండగా తన వాహనములో తీసికొనిపోయెను. ఎఱ్ఱమన్నుపై బడిపిల్లల పాదముద్రలు చూచుట కలవాటుపడిన కన్నులకు, మైళ్ళకొలది పఱచినట్లున్న ఆ పచ్చిక వింతగా తోచెను. వేసవిలో బిందెడు నీటికి ట్యాంకరుకడ వరుసలు నిలుచు పట్టణమున ఇంత గడ్డికి నీరెచటనుండి వచ్చుచున్నదో యను సందేహము మనస్సున కలిగెను. అతిథులము గనుక నోట రానీయలేదు.

మాచేతికి కఱ్ఱ నిచ్చుటకు ముందు శిష్యుడు గురువై మర్యాదలు చెప్పసాగెను. ఆంగ్లమున వీనికి ఎటికెట్టని పేరు. అది చీటీ యను నర్థముగల ఫ్రెంచిమాటనుండి వచ్చినది. మన మర్యాద శబ్దము చరిత్ర వేఱు. సంస్కృతమున దానికి హద్దు, ఎల్ల, గట్టు అని యర్థములు. సముద్రపు టొడ్డునకును ఆ మాట చెల్లును. నిత్యమును సముద్రమును చూచుచుండు మాకు ఆ యర్థమే యెక్కువ యింపు. అంత బలముగల నీరు తన యొడ్డు నెఱిగి ఆగుచున్నది గనుకనే తీరమున మనుష్యులు కాపురము చేయుచున్నారు.

మొదటి మర్యాద ప్రాణములకు సంబంధించినది. “కర్ర తిప్పేవాడి పక్కన నిలబడబాకండి సార్. ముందర అసలే నిలబడబాకండి. ముందు పోయినోళ్ళు దెబ్బకందనంత దూరం పోయిందాకా కొట్టబాకండి” అని శిష్యుడు చెప్పెను. బంతి బరువు నలుబదియాఱు గ్రాములకు మించదు. చూచుటకు నిమ్మకాయకంటె పెద్దది కాదు. కాని నిపుణుని దెబ్బకు అది గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. కణతకు తగిలిన బ్రదుకుట కష్టము. అందుచేత బంతి దారితప్పి మనుష్యులవైపు పోవుచున్నట్లు తోచిన తక్షణమే “ఫోర్!” అని గొంతెత్తి యఱవవలెను. మా రెండవ దెబ్బ ప్రక్కవాటున ఆడుచున్న నలుగురివైపు పోయెను. పెద్దమనుష్యుల నడుమ అఱచుట యెట్లని మేము సంకోచించితిమి. మా సంచి మోయుచున్న క్యాడీ మాకు బదులుగా అఱచెను. ఆ నలుగురును తలలపై చేతులుంచుకొని వంగిరి. బంతి వారికి నాలుగడుగుల దూరమున పడెను. మెల్లగా మాటలాడుటయే మర్యాద యని మేము చిన్ననాటినుండి యెఱుగుదుము. అఱవకుండుట అమర్యాద యగు సందర్భము కూడ కలదని ఆనాడు తెలిసినది.

రెండవది నిశ్శబ్దము. ఒకడు బంతి నెదుట నిలిచి కఱ్ఱ యెత్తినప్పుడు తక్కినవారు కదలరాదు, మాటలాడరాదు, తమ నీడ యాతని బంతిపై పడనీయరాదు. మా జేబులోని చరవాణి సరిగా నట్టి క్షణముననే మ్రోగెను. ఆడబోవుచున్న పెద్దమనిషి కఱ్ఱ దించి, మావైపు చూడకయే, మరల మొదటినుండి నిలువబడెను. ఆయన చూడకుండుటయే మమ్ము మిక్కిలి సిగ్గుపడజేసెను.

మూడవది కాలము. తనవంతు రాకముందే ఏ కఱ్ఱతో కొట్టవలయునో నిశ్చయించుకొని సిద్ధముగా నుండవలెను. 2019లో సవరింపబడిన నియమముల ప్రకారము, ఆడుటకు అడ్డు లేనప్పుడు నలువది సెకండ్లలో దెబ్బ ముగించుట మంచిదని సలహా. పోయిన బంతిని వెదకుటకు పూర్వము అయిదు నిమిషముల గడువుండెడిది. ఇప్పుడు మూడే నిమిషములు. వెనుకనున్న జట్టు వేగముగా ఆడుచున్నచో ప్రక్కకు తొలగి వారిని ముందు పోనీయవలెను. గుంట పూర్తియైన వెంటనే అచటినుండి కదలవలెను. లెక్క వ్రాసికొనుట తరువాతి గుంట ఆరంభమగు చోటనేగాని అచట కాదు. పెండ్లిండ్లలో విందు ముగిసిన తరువాతను విస్తరి ముందు కూర్చుండి కబుర్లు చెప్పుకొనుచు, వెనుక బంతివారిని నిలువబెట్టు మనకు ఈ నియమము కొంత ఉపదేశముగా నుండును.

నాలుగవది నేల. కఱ్ఱదెబ్బకు పచ్చిక పెళ్ళగా లేచిన, ఆ పెళ్ళను తెచ్చి యచటనే యదిమి త్రొక్కవలెను, లేదా ఆ గాయమును ఇసుకతో పూడ్చవలెను. ఇసుకగోతినే బంకరు అందురు. బంతి అందు పడినచో పల్లముగానున్న వైపునుండి దిగి, ఆడి, పండ్లకోలతో తన యడుగుజాడలను చదునుచేసి మఱి వెలుపలికి రావలెను. గుంట చుట్టునుండు నున్నని పచ్చికను గ్రీను అందురు. పైనుండి పడిన బంతి దానిపై చేసిన చిన్న గంటును సరిచేయవలెను. అచట పరుగెత్తరాదు, పాదములీడ్వరాదు. ఒకని బంతికిని గుంటకును నడుమనున్న దారిని త్రొక్కరాదు. మేము తెలియక త్రొక్కబోగా శిష్యుడు మా మోచేయి పట్టుకొని యాపెను.

ఇసుకను చదునుచేయుచు మేమొకటి గమనించితిమి. ఆ శ్రమవలన మాకు రవంతయు లాభము లేదు. మా బంతి వెడలిపోయినది. వెనుక వచ్చువాడెవడో మాకు తెలియదు, వాని ముఖమును మేము చూడబోము, వాడు మాకు కృతజ్ఞత చెప్పబోడు. ఈ మర్యాదలన్నియు ఆ కనబడనివానికొఱకు ఏర్పడినవి. ఎదుటనున్నవానికి నమస్కరించుట మనలో పసిపిల్లకును తెలియును. వెనుక వచ్చువానిని తలచుకొనుటలోనే మనకు కొఱత. రైలులోని మరుగుదొడ్డిని, గ్రంథాలయపు పుస్తకముల అంచులను, దేవాలయపు కోనేటిమెట్లను చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ క్రీడకు లిఖితనియమములు మొదట కుదిరినది 1744లో, స్కాట్లండులోని లీత్ అను చోట. అవి పదుమూడే. నేడు అవి పెద్ద గ్రంథమైనవి. పూర్వము ఆ గ్రంథమున మర్యాదలు ప్రత్యేకాధ్యాయముగా ముందుండెడివి. 2019 సవరణతో వాని సారమును మొదటి నియమములోనే చేర్చిరి. నిజాయితీగా నుండుట, ఇతరులను తలచుట, నేలను కాపాడుట—ఆటగానినుండి ఆశింపబడునవి ఈ మూడు. వీనిలో నిజాయితీని మొదట చెప్పుటకు కారణము కలదు. ఈ యాటలో సాధారణముగా ప్రతి జట్టువెంట తీర్పరి యుండడు. మైదానము విశాలము, చెట్లు దట్టము, బంతి యొకచోట, తోడివాడొకచోట. తన దెబ్బలను తానే లెక్కించుకొనవలెను. తన తప్పును తానే చెప్పవలెను. చెప్పిన శిక్ష నియతము, ఒక దెబ్బయో రెండు దెబ్బలో లెక్కకు చేరును. చేరినపిమ్మట ఆట సాగును.

ఇచట ఆ క్యాడీని గూర్చి చెప్పవలెను. ఆతనికి మా యీడే యుండును. తడప్రాంతమునుండి చిన్ననాడే వచ్చి చెన్నపట్టణమున స్థిరపడినవాడు. ఆ ప్రాంతము 2022వఱకు మా నెల్లూరు జిల్లాలోనిదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. పదునాలుగు కఱ్ఱలవఱకు పట్టు సంచిని భుజమున వేసికొని, బంతి పడినచోటు గుర్తుపెట్టుకొనుచు, మేము పెళ్ళగించిన పచ్చికను మాకంటె ముందే పూడ్చుచు నడచెను. తన నీడ తోడివాని బంతిపై పడగా రెండుమాఱులు క్షమాపణ చెప్పుకొన్న మా శిష్యుడు ఈతనిని మాత్రము “ఏయ్” అని పిలిచెను. నీటిసీసా మాకిచ్చెను, తాను త్రాగెను, ఆతని నడుగలేదు. ఇతరులను తలచవలెనను నియమమున సంచి మోయువాడు తప్ప అని యెచటను లేదు. మేము దీనిని గమనించి లోలోపల శిష్యుని తప్పుపట్టితిమి. ఆతని పేరడుగవలెనని మాకును తోచలేదను సంగతి మాత్రము గమనింపలేదు.

ఏడవ గుంటకడ మా బంతి యొక చింతచెట్టు వేళ్ళనడుమ చిక్కెను. శిష్యుడు తన బంతికొఱకు ఆవలివైపునకు పోయియుండెను. ఉన్నచోటనుండియే కొట్టవలెనని, కదలించి కొట్టిన రెండు దెబ్బల శిక్షయని ఆతడు ప్రొద్దుననే చెప్పియుండెను. మేమిటునటు చూచి, పాదరక్ష మొనతో బంతిని జానెడు దూరము ప్రక్కకు నెట్టితిమి. నెట్టి తలయెత్తగా క్యాడీ మా పాదమును చూచుచుండెను. మఱుక్షణమే ఆతడు తల త్రిప్పుకొని, గుడ్డతో ఒక కఱ్ఱను తుడుచుట కారంభించెను. గుంట ముగిసినపిమ్మట శిష్యుడు, “ఎన్ని సార్?” అని యడిగెను. “ఆఱు” అంటిమి. కొట్టినవి ఆఱే. శిక్షతో కలిపిన ఎనిమిది. ఆతడు ఆఱని వ్రాసికొనెను.

ఇందు ఎవరికి నష్టమని మేము నెల్లూరు బస్సులో కూర్చుండి ఆలోచించితిమి. పందెము లేదు, బహుమానము లేదు, మేము గెలుచుట యన్నది లేనే లేదు. గెలిచినవానికిని ఓడినవానికిని ఎనుబది దెబ్బల దూరమున నున్నాము. అయినను అబద్ధమాడితిమి. చూచివ్రాత కూడదని ఇరువదేండ్లుగా పిల్లలకు బోధించుచున్నవారము అట్లు చేసితిమి. పాదరక్షనుగాక ఆ మనుష్యుడు తల త్రిప్పుకొనుటయే మమ్మెక్కువ బాధించెను. ఆతడు మమ్ము నిందింపలేదు, క్షమింపను లేదు. చూచి చూడనట్లుండుట ఆతని జీవనములో నొక భాగమై యుండును. పెద్దవారికి మర్యాద యొక భూషణము. ఆతనివంటివారికి అది కూలిపనిలో చేరినది.

కొలదినెలలకు ఆ జ్ఞాపకము మాసిపోవచ్చునని తలచితిమి. ఇంతలో 2024 సెప్టెంబరు మొదటివారమున వార్తాపత్రికలో సాహిత్ తీగల వార్త చదివితిమి. ఈతడు 1997లో కాలిఫోర్నియాలో పుట్టినవాడు. తల్లిదండ్రులు హైదరాబాదునుండి వెళ్ళిన తెలుగువారు. పెప్పర్డైన్ విశ్వవిద్యాలయమున చదువుచు 2020లో అమెరికా కళాశాలల గోల్ఫులో అగ్రగణ్యుడని బిరుదములు పొందెను. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్పు గెలిచెను. మరుసటియేడు అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానమున టూర్ ఛాంపియన్‌షిప్పు ఆడుచుండగా ఆగస్టు 31వ తేదీన, మూడవ గుంటకడ, ఈతని బంతి బంకరులో పడెను. బంకరులో వెనుకకు కఱ్ఱ యెత్తునప్పుడు ఇసుకను తాకరాదని నియమము. తాకిన రెండు దెబ్బల శిక్ష. ఈతడు కొట్టిన వెంటనే, తన కఱ్ఱకు కొన్ని ఇసుకరేణువులు తగిలినట్లు తోచుచున్నదని తానే చెప్పి, నియమాధికారిని పిలిపించి, రెండు దెబ్బలు తనపై వేసికొనెను.

ఆ కదలిక ప్రసారచిత్రములలో చూచినవారికిని పోల్చుకొనుటకు దుర్లభము. ఆతడు చెప్పకున్న అడుగువారు లేరు. ఆ పోటీలో స్కాటీ షెఫ్లర్ ప్రథముడు, కాలిన్ మొరికావా ద్వితీయుడు, సాహిత్ తృతీయుడు. రెండవవానికిని మూడవవానికిని నడుమ అంతరము సరిగా రెండే దెబ్బలు. రెండవ స్థానపు బహుమానము 125 లక్షల డాలర్లు, మూడవ స్థానపుది 75 లక్షలు. మేము జానెడు దూరమునకు అమ్ముకొన్నదానిని ఈ పిల్లవాడు అంత ధనమునకును అమ్ముకొనలేదు.

ఇంతవఱకు చదివినవారు ఇది నిజాయితీని గూర్చిన సామాన్యోపదేశమని తలపవచ్చును. మమ్ము ఆ రాత్రి నిద్రపోనీయనిది వేఱొకటి. రెండు దెబ్బలు పడినపిమ్మట ఆతడేమి చేసెను? తరువాతి గుంటకు పోయి ఆట సాగించెను. ఎవ్వరును వెక్కిరింపలేదు. ఎవ్వరును ఆతని తండ్రిని పిలిపింపలేదు. తప్పునకు వెల యింతయని ముందే నిర్ణీతము. అది చెల్లించిన తరువాత మనుష్యుడు మునుపటివలె మనుష్యుడే. తమ తప్పును తామే చెప్పుకొనుట ఆ క్రీడలో నిలుచుటకు ఆటగాండ్ర గొప్పతనమొక్కటే కారణము కాదని, చెప్పినవానికి అంతకుమించిన హాని జరుగదను నమ్మకము కూడ కారణమని మాకు అప్పుడు తోచినది.

ఇప్పుడు మా బడిలో జరిగినది చెప్పవలెను. 2023 డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్ష ముగిసిన మఱునాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాకడకు వచ్చి, తలవంచుకొని, “సార్, రెండో ప్రశ్న పక్కోడిది చూసి రాసినాను” అనెను. వాడు చేపలవేటకు పోవు కుటుంబములోనివాడు. ఎవ్వరును వానిని పట్టుకొనలేదు. అది రెండు మార్కుల ప్రశ్న. మేమేమి చేసితిమి? పత్రమంతటికిని సున్న వేసితిమి. ప్రార్థనావేళ నందఱియెదుట నిలువబెట్టి, చూచివ్రాతవలన కలుగు కీడును గూర్చి ఉపన్యసించితిమి. తండ్రిని పిలిపించితిమి. ఆయన ఒకనాటి వేట మానుకొని వచ్చి, చేతులు కట్టుకొని నిలువబడెను. ఆ తరువాత ఆ తరగతిలో ఏ బాలుడును మాకడకు వచ్చి తప్పు ఒప్పుకొనలేదు. తరగతి బాగుపడినదని మేము సంతసించితిమి.

మేము నేర్పినది ఏమనగా, దాచుకొన్నవాడు సుఖపడుననియు, చెప్పినవాడు చెడుననియు. వాని ప్రక్కనుండి చూపించినవాడును, అట్లే వ్రాసిన మఱికొందఱును ఆనాటి ప్రార్థనలో మా యుపన్యాసము విని ఆ పాఠము చక్కగా నేర్చుకొనియుందురు. మా గృహములలోను ఇంతే. పాలగిన్నె జాఱవిడిచితినని చెప్పిన పిల్లకు దెబ్బలు, పిల్లిమీద నెట్టినదానికి ముద్దులు. లెక్క తప్పితినని చెప్పుకొన్న పనిమనిషికి ఉద్వాసన. ఆపైన మన దేశమున సత్యము తఱిగిపోయినదని వాపోవుదుము.

2024 సెప్టెంబరులో ఒక సోమవారము ప్రార్థనావేళ మేము ఈ కథనంతను పిల్లలకు చెప్పితిమి. సాహిత్ తీగల రెండు దెబ్బలను చెప్పితిమి. చింతచెట్టుక్రింద మా పాదరక్షను చెప్పితిమి. అప్పుడు కొందఱు నవ్విరి. నవ్వవలసినదే. ఆపై ఆ బాలుని పేరు పిలువక, ఒక పిల్లవాడు నిజము చెప్పినందులకు రెండు మార్కులు మాత్రమే తీసివేయవలసియుండగా, మేము వానిని అవమానపఱచితిమనియు, అందులకు క్షమాపణ వేడుచున్నామనియు చెప్పితిమి. వాడు నేలచూపు చూచుచునే యుండెను. మఱునాడు వాని తండ్రి గుమ్మములో ప్రత్యక్షమై, “మళ్ళా ఏం చేసినాడు సార్ మావోడు?” అని భయముతో అడిగెను. “వాడేమీ చెయ్యలేదయ్యా, నేనే చేశాను” అంటిమి. ఆయనకు అర్థమగుటకు కొంతసేపు పట్టెను. అర్థమైనపిమ్మట ఆయన కుర్చీలో కూర్చుండెను. మా గదిలో ఆయన కూర్చుండుట అదే మొదలు.

నాటినుండి మా తరగతిలో ఒక నియమము కలదు. తనంతట తాను వచ్చి చెప్పినవానికి ఆ ప్రశ్న మార్కులు మాత్రము పోవును. ఆ మాట నాలుగు గోడలు దాటదు. తండ్రికి కబురు పోదు. మొదటి రెండునెలలు ఎవ్వరును రాలేదు. పిల్లలు పెద్దల మాటను ఊరక నమ్మరు. తరువాత ఒక బాలిక వచ్చెను. ఆమె తోడివారు మూడువారములు ఆమెకేమగునో కనిపెట్టి చూచిరి. ఏమియు కాలేదు. అప్పుడు మఱికొందఱు వచ్చిరి.

ఈ యాట నేర్వబోవువా రెవరైన ఈ పుటలు చదివినచో వారికి మా మనవి. కఱ్ఱ త్రిప్పుటకు ముందు చుట్టుచూడుడు. ప్రమాదమైన సంకోచింపక అఱవుడు. తోడివాడు ఆడునప్పుడు కదలకుడు. ఇసుకను చదునుచేసి వెడలుడు. వెనుకవారిని నిలువబెట్టకుడు. సంచి మోయువానిని పేరుపెట్టి పిలువుడు, మీరు త్రాగినప్పుడు వానికిని నీరిండు. లెక్క నున్నదున్నట్లు చెప్పుడు. తోడివాడు తన తప్పు చెప్పుకొన్నప్పుడు శిక్ష వ్రాసికొని, ఆ మాట నంతటితో విడువుడు. ఆట నెన్నడు నెఱుగని గృహస్థులకును ఈ కడపటిది పనికివచ్చును.

2025లో మరల చెన్నపట్టణము పోవలసివచ్చినప్పుడు, ఆటకుగాక, ఆ మనుష్యునికొఱకు ఆ మైదానమునకు పోయితిమి. శిష్యుడును వచ్చెను. మర్రినీడను కూర్చుండియున్న క్యాడీలనడుమ ఆతనిని గుర్తుపట్టి పేరడిగితిమి. చెప్పెను. దానిని అచ్చున వేయుటకు ఆతని యనుమతి మేము కోరలేదు గనుక ఇచట వ్రాయము. ఏడవ గుంటకడ ఆనాడు మేము ఆఱని చెప్పినది తప్పని శిష్యుడు వినుచుండగా చెప్పితిమి. శిష్యుడు నవ్వి, “ఆ ఆటకి లెక్కెవరడిగినారు సార్” అనెను. క్యాడీ మాత్రము నవ్వలేదు.

“ఎనిమిది సార్,” అనెను. “నాకు లెక్కుండాది.”